నుదుటి నూనె

“నా బిడ్డని నేనే చంపుకున్నాను. ఇంక మీరు కనిపెట్టడానికి ఏముందమ్మా?”

అమలమ్మ ఏడవలేదు. కుట్టుమిషన్ ముందు కూర్చుని, తొక్కుడు పలక మీద పాదం ఆనించి, నాకు మంచినీళ్ళ గ్లాసు అందించినంత మామూలుగా ఆ మాట అంది. ఏడ్చేవాళ్ళని ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలుసు. ఏడవని తల్లిని చూస్తే మాత్రం నా నోట మాట రాదు.

నా పేరు శ్రీదుర్గ. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీది గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. పెళ్ళికొడుకుల గుట్టు బయటికి లాగడం నా రోజువారీ పని. ఈ గన్నవరం కాలనీకి నన్ను పిలిచింది అమలమ్మ కాదు, ఆవిడ కూతురు కృప. “అన్నయ్య చావుకి అమ్మ కారణం కాదని రుజువు చెయ్యండి మేడం. లేకపోతే అమ్మ కూడా నాకు దక్కదు” అని ఫోన్లో ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పింది. ఏడుపు దిగమింగుకుంటోందనుకున్నాను.

“ఆదివారం ఏం జరిగిందో ఇంకోసారి చెప్పండి అమలమ్మగారూ.”

“మట్టల ఆదివారమమ్మా. అందరం మట్టలు పట్టుకుని వీధులన్నీ తిరుగుతాం. ముందర మా ఫిలిప్ ట్రంపెట్ ఊదాలి. మీసాలు రాకముందునుంచీ వాడే. ఆ పొద్దున లేచి, అమ్మా, కుడి భుజం పీకేస్తోంది, ఊపిరి సగంలో పట్టేస్తోంది, ఈసారికి వదిలెయ్యవా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పెళ్ళి బ్యాండులో గంటలకొద్దీ ఊదుతావు, దేవుడి దగ్గరికొచ్చేసరికి బద్ధకమా అన్నాను.” ఆవిడ చీర కొంగు మడత పెట్టింది, విప్పింది. “ఊదాడు. చర్చి దగ్గర మొదలుపెట్టి కాలవ వంతెన దాకా ఊదాడు. అక్కడ ట్రంపెట్ నా చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.”

ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. కుడి ఊపిరితిత్తి మొత్తం ముడుచుకుపోయిందని పోస్టుమార్టంలో తేలింది. “ట్రంపెట్ ఊదడంవల్లే తిత్తి పగిలింది” అని పేపరువాళ్ళకి చెప్పినవాడు ఒకడున్నాడు. వాడి సంగతి తర్వాత. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి అమలమ్మ అన్నం ముట్టలేదు. ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసం అని చుట్టుపక్కలవాళ్ళకి చెబుతోందట. అది ఉపవాసం కాదని నాకూ తెలుసు, కృపకీ తెలుసు.

“శనివారం ఎక్కడికెళ్ళాడు?”

“బెజవాడలో ఊపిరితిత్తుల సెంటర్‌కి. ఏదో పరిశోధనంట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే పిలిచి డబ్బులిస్తారంట. నాకు ఏ రోగమూ లేదని డాక్టర్లే ఒప్పుకున్నారమ్మా అని మురిసిపోయాడు. ఈస్టరుకి నా మిషన్‌కి మోటారు పెట్టిస్తానన్నాడు, కాళ్ళు నొప్పులని.” తొక్కుడు పలక మీది పాదాన్ని ఆవిడ వెనక్కి తీసుకుంది. “కానీ ఆ రోజు వాడసలు అక్కడికి రానేలేదని సెంటర్‌వాళ్ళంటున్నారు. మరి ఎక్కడ తిరిగాడో!”

“వెళ్ళాడు.” గది మూలనుంచి కృప అంది. గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొడుగ్గా, సన్నగా, గోడమీది ఫొటోలో ఉన్న తండ్రి పోలికే. “అన్నయ్య... వెళ్ళాడు. నాకు తెలుసు.”

“ఎలా తెలుసు?”

ఆ పిల్ల తల్లివైపు చూసి తల దించుకుంది. ఎడమ భుజం కుడిచేత్తో పట్టుకుంది. ఏదో ఉంది. తల్లి ముందు చెప్పనిదేదో ఉంది. అప్పుడే గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

“దిగులమ్మా దానికి. పడుకుంటే ఆయాసమంటుంది, రాత్రంతా అలా కూర్చునే ఉంటుంది” అంది అమలమ్మ. “వీళ్ళ నాన్నా ఇంతే. సైకిల్ మీద వస్తూ వస్తూ ఊపిరాడటం లేదని దిగాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. మా ఇంటి మగాళ్ళకి గాలి తక్కువ రాసిపెట్టాడు దేవుడు.”

నేను లేచాను. అమలమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ రెండు కుండీల్లో దవనం మొక్కలు, పక్కన చిన్న సీసా. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనెలో ఆవిడ దవనం వేసి నానబెడుతుంది. ఇంట్లోవాళ్ళు ఏదైనా పెద్దపని మీద గడప దాటేటప్పుడు బొటనవేలితో నుదుట సిలువ గీసి పంపడం ఆవిడ అలవాటు. వేలు నూనెలో ముంచి నా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“ఈ చేత్తో రాస్తే నా కొడుక్కి పనిచెయ్యలేదు. మీకు రాయొచ్చామ్మా?”

నేను కనకదుర్గమ్మ పేరు పెట్టుకున్నదాన్ని. అయినా తల వంచాను. వంచకుండా ఎలా ఉండగలను?

*

పేపరువాళ్ళకి చెప్పినవాడి పేరు అనంతకృష్ణ. రిటైర్డ్ డీఎస్పీ, ఇప్పుడు ఆ సెంటర్‌కి సెక్యూరిటీ ఆఫీసర్. ఇదివరకు నాలుగు కేసుల్లో నా దారికి అడ్డం వచ్చాడు, మూడింటిలో బోర్లా పడ్డాడు. మర్యాద మాత్రం ఎక్కడా తగ్గనివ్వడు.

“రండి రండి శ్రీదుర్గగారూ! పెళ్ళి సంబంధాల సీజన్ కాదా? ఇటు దయచేశారు?”

“మీ సెంటర్‌కి ఒక సంబంధం వచ్చిందండీ. చావుతో. దాని పూర్వాపరాలు చూద్దామని.”

నవ్వు ఆగింది. “ఆ కుర్రాడు అంతకుముందు శనివారం ఒక్కసారి వచ్చాడు. మొన్న శనివారం రాలేదు. ఆ రోజు ఇక్కడ ఎవరికీ టెస్టు జరగలేదు. కంప్యూటర్ చూసుకోండి, సీసీ కెమెరా చూసుకోండి.”

“కెమెరా చూపిస్తారా?”

“శనివారం రిపేర్లో ఉంది.”

“కంప్యూటర్‌కి రిపేరు రాలేదు కదా?”

“మీ నోటికి అడ్డూ ఆపూ లేదండీ, ఎప్పుడూ ఇంతే!” అన్నాడు. కానీ మెడ తుడుచుకున్నాడు. గదిలో ఏసీ ఉంది.

టేబుల్ అవతల డాక్టర్ ఛాయాదేవి కూర్చుని ఉంది. పరిశోధన ఆవిడది. యాభై దాటిన మనిషి, కళ్ళకింద నల్లగా ఉంది, ముందున్న టీ మీద మీగడ కట్టింది.

“డాక్టరుగారూ, నాకు సైన్సు రాదు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పండి. మీరు ఈ ఆరోగ్యవంతుల్ని పిలిచి ఏం చేస్తారు?”

“మన ఊపిరితిత్తులు వాటంతటవే శుభ్రం చేసుకుంటాయండి. దుమ్మయినా, తేమయినా, లోపలికెళ్ళింది మెల్లగా బయటికి పంపేస్తాయి. ఆయాసం పేషెంట్లకి మాస్కు పెట్టి గాలి ఒత్తిడి ఇస్తాం కదా? ఆ ఒత్తిడివల్ల ఈ శుభ్రమయ్యే పని త్వరగా అవుతుందా, ఆలస్యమవుతుందా అన్నది నా ప్రశ్న. రోగుల్లో అయితే రోగం ప్రభావం కలిసిపోతుంది. అందుకే ముందు ఆరోగ్యవంతుల్లో చూడాలి.” ఆవిడ కంప్యూటర్ తిప్పింది. “కొంచెం రేడియో ధార్మికత కలిపిన మంచులాంటి తుంపర పీల్పిస్తాం. చాలా తక్కువ, ప్రమాదం లేనంత. ఒక వారం మాస్కు లేకుండా, తర్వాతి వారం మాస్కుతో. కెమెరా కింద పడుకోబెట్టి, ఆ తుంపర ఎంతసేపట్లో పోతోందో చూస్తాం.”

తెర మీద నల్లటి చీకట్లో రెండు వెలుగు మచ్చలు. ఫిలిప్ ఊపిరితిత్తులు, మొదటి శనివారం నాటివి. ఒక్కో బొమ్మ మారుతుంటే వెలుగు కొంచెం కొంచెం తగ్గుతూ పోయింది. ఆ కుర్రాడిని నేను బతికుండగా చూడలేదు. అయినా ఆ వెలుగు ఆరేదాకా తెర మీంచి కళ్ళు తియ్యలేదు.

“మాస్కుతో చేసిన బొమ్మలేవి?”

“చెప్పాం కదండీ, రాలేదని!” అనంతకృష్ణ అడ్డొచ్చాడు.

“మిమ్మల్నా అడిగాను? డాక్టరుగారూ, ఆ తుంపర అంటుకున్న మాస్కులు వాడాక ఏం చేస్తారు? మామూలు చెత్తలో వెయ్యకూడదనుకుంటా.”

ఆవిడ నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాళ్ళు అలా చూస్తారు.

“సీసం డబ్బాలో వేసి తాళం పెడతాం. ధార్మికత చచ్చిపోయేదాకా ఉంచి, శుక్రవారం సాయంత్రం ఖాళీ చేస్తాం.”

“ఇవాళ గురువారం. అంటే పోయిన శుక్రవారం ఖాళీ చేసిన డబ్బా. మొన్న ఆదివారంతో మీ పరిశోధన ఆగిపోయిందని పేపర్లో చదివాను. మధ్యలో ఒక్క శనివారమే ఉంది. ఎవరూ రాకపోతే ఆ డబ్బాలో ఏమీ ఉండకూడదు. అవునా?”

అనంతకృష్ణ కుర్చీలోంచి లేచాడు. “అది రేడియేషన్ ఏరియా! పోలీసు ఆర్డరు లేకుండా ఎవ్వరూ వెళ్ళడానికి వీల్లేదు. మీకేమైనా అయితే బాధ్యత ఎవరిది?”

అప్పుడర్థమైంది నాకు. ఈ పెద్దమనిషి కంప్యూటర్ తుడిపించాడు, కెమెరా ఆపించాడు, పేపరుకెక్కాడు. తలుపు మీద పసుపురంగు ప్రమాదం గుర్తు చూసి ఆ చెత్తడబ్బా జోలికి మాత్రం పోలేదు! ఖాకీ బట్టల్లో ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషికి ఆ గుర్తంటే భయం. నవ్వు రావాల్సింది, రాలేదు.

“అనంతకృష్ణగారూ, ఆ ధార్మికత చచ్చిపోయి రెండు రోజులైంది” అంది ఛాయాదేవి. టేబుల్ సొరుగు లాగి తాళంచెవి తీసి నా ముందు పెట్టింది. “వెళ్దాం పదండి.”

*

చిన్నగది. ఒక మంచం, దాని మీదికి వంగిన పెద్ద కెమెరా, తలవైపు గాలి మిషన్. మూలలో బూడిదరంగు డబ్బా. డాక్టరు ఇచ్చిన గ్లవుజులు తొడుక్కుని మూత ఎత్తాను. పైన దూది, టిష్యూ కాగితాలు. వాటికింద ప్లాస్టిక్ సంచిలో ఒక మాస్కు.

ముక్కు మీద కూర్చునే కప్పు, చుట్టూ పట్టీలు, పైన నుదుటికి ఆనే మెత్తటి చిన్న దిండు. ఆ దిండు నిగనిగలాడుతోంది. వేలు ఆనించాను. జిడ్డు.

“నూనె” అన్నాను.

“అబ్బ, ఏం కనిపెట్టారండీ!” అనంతకృష్ణ గుమ్మం అవతలే నిలబడి చప్పట్లు కొట్టాడు. “కొబ్బరినూనె రాయని తల ఈ కృష్ణా జిల్లాలో ఒక్కటి చూపించండి. టెక్నీషియన్ పెట్టుకుని చూసి ఉంటాడు.”

“ఇటు రండి.”

“ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది.”

“కనిపించడానికి కాదు, వాసన చూడటానికి. సరే, భయమైతే అక్కడే ఉండండి. డాక్టరుగారూ, మీరు చూడండి.”

ఛాయాదేవి మాస్కు దగ్గరికి వంగింది. తర్వాత నేను నా తల వంచి నుదురు చూపించాను. ఆవిడ రెండుసార్లు ఇటూ అటూ వాసన చూసింది.

“దవనం” అంది మెల్లగా.

“ఫిలిప్ వాళ్ళమ్మ పెద్దపని మీద వెళ్ళేవాళ్ళకి మాత్రమే రాసే నూనె. గంట క్రితం నాకు రాసింది. ముందు శనివారం కూడా కొడుక్కి రాసే ఉంటుంది, కానీ ఆ వారం మీరు మాస్కు పెట్టలేదు. అంటే ఇది మొన్న శనివారంది. ఫిలిప్ వచ్చాడు. ఈ మంచం మీద పడుకున్నాడు. ఈ మాస్కు పెట్టుకున్నాడు. ఇంకా రాలేదంటారా అనంతకృష్ణగారూ?”

ఆయన నోరు తెరిచాడు. ఛాయాదేవి చెయ్యెత్తి ఆపింది.

“వద్దండీ. ఇంక నావల్ల కాదు.” ఆవిడ ఆ మంచం అంచు మీద కూర్చుంది. “వచ్చాడు. టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు, నేనే చేశాను. అందరికీ పది సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సరిపడే ఒత్తిడి పెడతానని అనుమతి తీసుకున్నాను. అంతే పెడుతూ వచ్చాను. మాస్కు పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ఎవరిలోనూ తేడా రాలేదు. రెండేళ్ళ పని శ్రీదుర్గగారూ. ఆరోగ్యవంతుల్లో ఏ ప్రభావమూ లేదని రాయాలి. అదీ ఒక జవాబే. నా విద్యార్థులకి నేనే చెబుతుంటాను, ఏమీ లేదన్నదీ ఒక జవాబేనని. కానీ నాది అయ్యేసరికి రాయడానికి మనసొప్పలేదు.”

“అందుకని ఒత్తిడి పెంచారు. ఎంత పెట్టారు?”

“ఇరవై.”

ఆవిడ తలవైపున్న గాలి మిషన్‌కేసి చూసింది.

“మామూలు తిత్తయితే తట్టుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే తిత్తి పైన నీటిబుడగల్లాంటి పలుచటి పొరలుంటాయి. పొడుగ్గా సన్నగా ఉండేవాళ్ళలో ఎక్కువ. ముందే స్కాన్ తీయించాల్సింది. ఆ ఒత్తిడికి బుడగ చిట్లి ఉంటుంది. గాలి కొంచెం కొంచెంగా బయటికి కారి, తిత్తిని చుట్టూ నొక్కేస్తుంది. దిగేటప్పుడు భుజం లాగుతోందన్నాడు. కండరం పట్టిందేమో అన్నాను నేను.” ఆవిడ మంచం మీది దుప్పటి ముడత సవరించింది. “మర్నాడు ఫోన్ చేసి కనుక్కోవాలి. చెయ్యలేదు.”

“ట్రంపెట్ ఊదకపోయి ఉంటే?”

“ఊదడంవల్ల త్వరపడి ఉండొచ్చు. కాదనను. కానీ చిల్లి పడింది ఇక్కడ, ఈ మంచం మీద. ఆ తల్లికి చెప్పండి. నేనే వచ్చి చెబుతాను.”

అనంతకృష్ణ మొహం పక్కకి తిప్పుకున్నాడు. “సెంటర్ మూతపడితే వందమంది రోడ్డున పడతారని...” అన్నాడు, ఎవర్నీ చూడకుండా.

“ఒక ఆడమనిషి పస్తులుండి చస్తోందండీ మీ పేపరు ముక్కకి! కొడుకు పోయిన దుఃఖం చాలదని కొడుకుని చంపానన్న దుఃఖం కూడా నెత్తిన పెట్టారు. మీకు పిల్లలున్నారా?” నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

అమలమ్మకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఫోన్ తీస్తూ, ఫిలిప్ మాస్కు వేరే కవర్లో పెడదామని ఆ సంచి ఎత్తాను. కింద ఇంకో సంచి ఉంది.

అందులో ఇంకో మాస్కు. దీని కప్పు చిన్నది, ఆడవాళ్ళ సైజు. పట్టీలో ఒక పొడుగాటి వెంట్రుక చిక్కుకుని ఉంది. నుదుటి దిండు నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

దవనం.

సంచి ఆవిడ ముందుకి చాపాను. “డాక్టరుగారూ, శనివారం ఇంకెవరొచ్చారు?”

“ఒకమ్మాయి. మధ్యాహ్నం. ఈమధ్యే చేరింది. పేరు...” ఆవిడ నుదురు రుద్దుకుంది. “కృప. అవును, కృప.”

“ఆ పిల్లకీ ఇరవయ్యేనా?”

“ఇరవయ్యే. ఎందుకలా అడుగుతున్నారు?”

“ఫిలిప్ చెల్లెలు.”

“కాదే! ఒక కుటుంబంనుంచి ఒక్కరినే తీసుకోవాలని మా నియమం. ఇద్దరినీ విడివిడిగా అడిగాను, ఎవరూ...” మాట మధ్యలోనే ఆవిడకి అర్థమైంది. తెల్లబోయి లేచి నిలబడింది. “అన్నాచెల్లెళ్ళా? ఆ బుడగలు రక్తసంబంధంలో వస్తాయి శ్రీదుర్గగారూ. వాళ్ళ నాన్న?”

“ఇరవై తొమ్మిదేళ్ళకి ఊపిరాడక పోయాడు.”

ఆగి ఆగి వచ్చే మాటలు. చేత్తో పట్టుకున్న ఎడమ భుజం. పడుకోలేక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చోవడం. దిగులమ్మా దానికి అంది తల్లి. నేనూ సరే అనుకున్నాను. అన్న వెళ్ళాడని ఆ పిల్లకి ఎలా తెలుసో ఇప్పుడు తెలిసింది. తల్లి మిషన్‌కి మోటారు కోసం ఇద్దరూ చుట్టరికం దాచి వచ్చారు. అన్నతోపాటు తనూ వెళ్ళానంటే తల్లి ఇంకా కుంగిపోతుందని నోరు మూసుకుని కూర్చుంది.

అమలమ్మకి చేశాను. ఫోన్ మోగుతోంది. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తింది.

“అమలమ్మగారూ, శనివారం నూనె ఎవరెవరికి రాశారు?”

“ఫిలిప్‌కి రాశానమ్మా. తర్వాత కృపకి. ఎయిర్‌పోర్టులో ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూ అంది. ఏమ్మా?”

“కృప ఏదీ?”

“పెరట్లో ఉంది. సాయంత్రం ఫిలిప్ కోసం ఆదరణ కూడిక ప్రార్థన కదా. అన్నయ్య పాట నేనే ఊదుతానని ట్రంపెట్ తీసింది. వాడే నేర్పాడులే దానికి. దానిష్టం, నేను వద్దనలేదు. నాకింక ఎవర్నీ ఊదమనే నోరూ లేదు, వద్దనే నోరూ లేదు.”

ఆ మాటల వెనకే, దూరంగా, ట్రంపెట్ మీద ఒక స్వరం లేచింది. సన్నగా, వణుకుతూ.

“ఊదొద్దనండి! అమలమ్మగారూ, లాక్కోండి! ముందు చేతిలోంచి లాక్కోండి!”

ఫోన్ నేలమీద పడిన చప్పుడు. పరిగెత్తే పాదాలు. ఆ స్వరం ఇంకొంచెం పైకి పాకి, మధ్యలో తెగిపోయింది. ఛాయాదేవి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. అనంతకృష్ణ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు, పసుపు గుర్తు సంగతి మర్చిపోయినట్టున్నాడు.

ఎంతసేపైందో తెలీదు. ఎవరో ఫోన్ ఎత్తారు.

“లాక్కున్నానమ్మా.” అమలమ్మ రొప్పుతోంది. “కానీ పిల్ల నిలబడలేకపోతోంది. పెదాలు నేరేడుపండులా అయిపోయాయి. ఏమైందమ్మా దీనికి? దీనికేమైంది?”

ఛాయాదేవి ఫోన్ లాక్కుంది. “అమ్మా, నేను డాక్టర్ని. పడుకోబెట్టొద్దు. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. మాట్లాడించొద్దు. అంబులెన్సు పంపుతున్నాను. నేనూ వస్తున్నాను.” ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో అలమారాలోంచి గాలి లాగే పెద్ద సూదులు, గొట్టాలు సంచిలోకి తోస్తోంది.

“గన్నవరం సీఐ నా దగ్గర పనిచేసినవాడే” అన్నాడు అనంతకృష్ణ, అప్పటికే నంబరు నొక్కుతూ. “అంబులెన్సు పంపించి దారి ఖాళీ చేయిస్తాను. నా కారు కిందే ఉంది, పదండి.” ఆయన మీద కోపం పోలేదు నాకు. కానీ ఆయన వెనకాలే మెట్లు దిగాను.

రెండో అంతస్తు దగ్గర ఛాయాదేవి ఫోన్ మళ్ళీ నా చేతికిచ్చింది. అవతల అమలమ్మ ఇంకా లైన్లోనే ఉంది.

“అమ్మా...” ఆవిడ గొంతు చాలా చిన్నగా వచ్చింది. “అంబులెన్సు వస్తోంది కదా. పంపేముందు నుదుట నూనె రాయనా? నా చెయ్యి మంచిదేనా?”

ఏ తప్పూ మీది కాదని చెప్పడానికి తీసిన ఫోన్ అది. ఆ ముక్క ఇంకా నా గొంతులోనే ఉంది.

“మంచిదే అమలమ్మగారూ. శనివారం మీరు రాసిన నూనెవల్లే కృప సంగతి తెలిసింది. రాయండి.”

మొదటిసారి ఆవిడ ఏడుస్తుండగా విన్నాను. ఫోన్ అలాగే చెవికి నొక్కుకుని కారెక్కాను. ఆ ఏడుపు వెనక కృప ఊపిరి వినిపిస్తోంది, చిన్నగా, తెగి తెగి.